హెడ్‌లైట్లు మార్పించిన చలికాలం

మా ఆయనకు డయాలసిస్ మొదలైన ఏడాదే నేను కారు నడపడం నేర్చుకున్నాను. సరదాపడి నేర్చుకోలేదు. ఆయన ఇక స్టీరింగు పట్టుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. రక్తం శుద్ధి చేయించుకుని మిషను మీద నుంచి లేచాక బీపీ ఒక్కసారిగా పడిపోతుందట, కళ్లు తిరుగుతాయట. మాకు ఒక్కడే కొడుకు, వాడు వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో మిగిలింది నేనే.

ఆయన మామూలు డ్రైవరు కాదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ట్రేలర్ లారీలు నడిపి వచ్చిన మనిషి. ఊరికి తిరిగొచ్చాక సిద్దిపేటలో ఒకరి దగ్గర ఈ చిన్న కారును పాతదే కొన్నాడు. దాన్ని కడిగేది ఆయనే, తుడిచేది ఆయనే, ఇంకొకరి చేతికి తాళం ఇచ్చింది లేదు. అలాంటివాడు బడి గ్రౌండులో పక్క సీట్లో కూర్చొని నాకు క్లచ్చు, గేరు నేర్పించాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకది ఆశ్చర్యంగానే ఉండేది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన అంత ఓపిక ఉన్న మనిషి కాదు మరి.

పగటిపూట నడపడం తొందరగానే వచ్చింది. లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కాను. కానీ మాకు సిద్దిపేట ప్రభుత్వ దవాఖానలో దొరికింది పొద్దున మొదటి షిఫ్టు. వారానికి మూడు రోజులు, తెల్లవారేసరికి ఆయన మంచం మీద ఉండాలి. మా ఊరు తొగుట దాటి లోపలికి ఉంటుంది. మొదటి బస్సు వచ్చేసరికి షిఫ్టు మొదలైపోతుంది. ఆటోలో ఒకటి రెండుసార్లు పోయాం గానీ ఆ చలిగాలికి ఆయన వణికిపోయాడు. అందుకని మబ్బులనే లేచి, కోళ్లు కూయకముందే కారు తీయాల్సి వచ్చేది.

కారుకు పదిహేనేళ్లు దగ్గరపడ్డాయి. హెడ్‌లైట్ల మీద ఉండే ప్లాస్టిక్ అద్దాలు ఎండకు ఎండి పసుపు పచ్చగా మారి, పొర కమ్మిన కళ్లలా ఉండేవి. లైట్లు వేస్తే వెలుతురు బానెట్ ముందు ముద్దగా పడి అక్కడే ఆగిపోయేది. ఆ ముద్దను తోసుకుంటూ వెళ్తున్నట్టు నడిపేదాన్ని. దాని అవతల ఏముందో తెలిసేది కాదు. తిరుగు ప్రయాణం ఎండలో కాబట్టి, వచ్చేటప్పుడు రోడ్డంతా శ్రద్ధగా చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. ఫలానా మూలమలుపు దగ్గర తుమ్మచెట్టు కొమ్మ రోడ్డు మీదికి వంగి ఉంది, ఫలానా కల్వర్టు దగ్గర తారు కుంగింది, ఫలానా ఇంటివాళ్లు గేదెలను రోడ్డు పక్కనే కడతారు అని. మర్నాడు చీకట్లో అవన్నీ వాటి చోటు మార్చుకున్నట్టు అనిపించేది. గేదెలు ఉండాల్సిన చోట ఉండేవి కావు. అవి ఎక్కడికి పోయాయా అని ఇంకా భయం వేసేది.

ఆయన పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. గేరు తప్పుగా వేసినా అనేవాడు కాదు. తనేమైనా అంటే నేను బెదిరిపోతానని ఆయన భయం. నేను బెదిరిపోయినట్టు కనిపిస్తే ఆయన గుండె మీద ఒత్తిడి పడుతుందని నా భయం. అలా ఇద్దరం ఒకరికొకరం దాచుకుంటూ సిద్దిపేట దాకా పోయేవాళ్లం. ఊరి దీపాలు కనిపించాక నా భుజాలు దిగేవి. అప్పటిదాకా అవి చెవుల దాకా లేచి ఉన్నాయని కూడా నాకు తెలిసేది కాదు.

కార్తీకంలో వడ్లు కోసే రోజులు వచ్చాయి. కల్లాల్లో జాగ చాలక రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకగానే కుప్పలుగా చేసి, మీద నల్ల పరదాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్లని రోడ్డు మీద నల్లని పరదా. మా పచ్చటి లైట్లలో ఆ రెండింటికీ తేడా తెలిసేది కాదు. నేను రోడ్డుకు కుడివైపుగా, ఎవరూ ఎదురు రాకూడదని కోరుకుంటూ నడిపేదాన్ని.

ఆ రోజు ఒక కారు ఎదురొచ్చింది. దాని లైట్లు చాలా దూరం నుంచే కనిపించాయి. నీలం కలిసిన తెలుపు. మామూలు బల్బులు కావని చూడగానే తెలుస్తుంది. నేను నా లైట్లు దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించి సైగ చేశాను. అతను దించలేదు. ఎడమకు తప్పుకున్నాను. ఆ వెలుతురు మా అద్దం నిండా పడి రోడ్డు, చెట్లు, బానెట్ అన్నీ మాయమయ్యాయి. స్టీరింగు మీద నా చేతులు మాత్రం తెల్లగా, బొమికల్లా కనిపిస్తున్నాయి. ఆ కారు సర్రున పక్క నుంచి దాటిపోయింది. అది పోయాక వచ్చిన చీకటి ఇంకా ఘోరం. కళ్ల ముందు ఆకుపచ్చ మరకలు తప్ప ఏమీ లేవు.

"బ్రేకు గొట్టు," అన్నాడు మా ఆయన. కారు ఎక్కినప్పటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

కాలు నొక్కేశాను. చక్రాల కింద ఏదో పొరలు పొరలుగా జారింది. వడ్లు. కారు పక్కకు కొట్టుకుపోయి, ముందు దేనికో టక్కున తగిలి ఆగింది. ఇంజను ఆగిపోయింది. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. ఆ పచ్చటి వెలుతురులో, బంపరుకు మూరెడు దూరంలో, పరదా కదిలింది. ముందు ఒక చెయ్యి బయటకు వచ్చింది. తర్వాత తలకు రుమాలు చుట్టుకున్న ఒక ఆడమనిషి లేచి కూర్చుంది.

కుప్పకు కాపలాగా పడుకున్న మనిషి. నా ఈడే ఉంటుంది. కారు తగిలింది ఆమె తలవైపు పెట్టుకున్న రాయికి. ఆ రాయి లేకపోతే అన్న ఆలోచన నాకు ఆ క్షణంలో రాలేదు. తర్వాత వచ్చింది, చాలా రోజులు వస్తూనే ఉంది. అప్పుడు మాత్రం నేను డోరు తీయలేక, చేతులు స్టీరింగు మీద నుంచి తీయలేక అలాగే కూర్చున్నాను.

ఆమె అరవలేదు. దుప్పటి కప్పుకుని నా వైపు అద్దం దగ్గరకు వచ్చి లోపలికి తొంగి చూసింది. మఫ్లర్ చుట్టుకుని, మొహం ఉబ్బి ఉన్న మా ఆయనను చూసింది.

"దవాఖానకా?" అని అడిగింది.

తల ఊపాను.

"పరదా ఎత్తి చూస్తె గా ముందటి కారోడు నా కండ్లల్ల గూడ కొట్టిండు. నువ్వొచ్చుడు నాకేం కనవడలే. నీ లైట్లు చూస్తె ఉన్నట్టే లేవు చెల్లె."

అంతే అంది. వంగి రాళ్లు ఒక్కొక్కటే పక్కకు జరిపి, చెదిరిన వడ్లను కాలితో నెట్టి మాకు దారి చేసింది. పైలంగా పొమ్మని చెప్పి మళ్లీ పరదా దగ్గరకు వెళ్లింది. ఈసారి కుప్పకు అవతలి వైపు కూర్చుంది. ఇక పడుకోలేదేమో అనుకున్నాను.

ఇంజను మళ్లీ స్టార్టు చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. తాను నడపనా అని ఆయన మెల్లగా అడిగాడు. వద్దన్నాను. ఆ రోజు మిషను మీద పెట్టేముందు ఆయన బీపీ చూసిన టెక్నీషియన్, ఇంత ఎక్కువ ఎందుకుందని అడిగాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. చలి అని చెప్పాం.

సిద్దిపేటలో మా తమ్ముడికి సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. జరిగింది ఫోన్లో చెబితే వాడు అదే ఆదివారం ఒక డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందులో రెండు ఎల్‌ఈడీ బల్బులు. వెనకాల గింజంత ఫ్యాన్లు కూడా ఉన్నాయి వాటికి. మా కారులో ఉన్న పాత బల్బులు తీసి వీటిని పెడితే రోడ్డంతా పట్టపగలులా ఉంటుందని, తన దోస్తులు అందరూ ఇవే వేయించుకున్నారని చెప్పాడు. నాకు ముందు వచ్చిన ఆలోచన పోలీసుల గురించి. సిద్దిపేట పొలిమేరలో అప్పుడప్పుడు బండ్లు ఆపి చూస్తుంటారు. పైగా కారుకు పదిహేనేళ్లు నిండుతున్నాయి కాబట్టి రవాణా శాఖ ఆఫీసుకు తీసుకుపోయి చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అక్కడ పట్టుకుని కారునే కాదంటే? ఆ కారు లేకపోతే ఆయనకు మంచం లేదు. మంచం లేకపోతే ఏమవుతుందో నేను నోటితో అనను.

మా తమ్ముడు నవ్వాడు. ఎవరూ పట్టించుకోరన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వద్దంటాడనుకున్నాను. గల్ఫ్‌లో బండికి ఇలాంటి మార్పు ఏది చేసినా ఎలా పట్టుకుంటారో ఎన్నోసార్లు చెప్పిన మనిషి.

"ఎయ్యనీ," అన్నాడు. "నాకు మిషిని మీద పండుడంటె భయం లేదు. పొద్దుగాల కారెక్కుడంటెనే భయమైతుంది," అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన నోట భయం అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. తాళం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాను.

బల్బులు బిగించేసరికి పొద్దుగూకింది. కారును మా ఇంటి ముందు నుంచి తీసుకుపోయి ఊరి బయట, చేన్ల మధ్య తిన్నగా పోయే రోడ్డు మీద నిలబెట్టాడు తమ్ముడు. లైట్లు వేశాడు. నిజంగానే కడుపు నిండినట్టయింది. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది నంబరు కనిపిస్తోంది. పత్తి చేలో తెల్లగా మిగిలిన దూది కూడా కనిపిస్తోంది. మా ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత ఒక తేలిక చూశాను. ఇన్నాళ్లూ ఎందుకు ఇంత కష్టపడ్డామా అనిపించింది.

ఎందుకో ఆ వడ్ల కుప్ప దగ్గరి ఆమె గుర్తుకొచ్చింది. నేను ముందుకు నడుచుకుంటూ పోయి, రోడ్డు మీద వచ్చే బండివాడిలా కారుకు ఎదురుగా నిలబడ్డాను. లైట్లు దించి వెయ్యమని తమ్ముడికి కేకేశాను. దించే వేశానని వాడు జవాబిచ్చాడు. నాకు నమ్మకం కుదరలేదు. వెలుతురు కిందికి దిగనే లేదు. అది ఒక దిక్కున పడటం లేదు, అన్ని వైపులా చిమ్ముతోంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నా వేళ్ల సందుల్లోంచి పొడుస్తోంది.

"నువ్వు యాడున్నవ్?" అని మా ఆయనను అడిగాను. కారు డోరు పక్కనే నిలబడ్డాడని తెలుసు. కనిపించడం లేదు. కారే కనిపించడం లేదు.

"నీ దిక్కే వస్తున్న," అన్నాడు.

గొంతు వినిపిస్తోంది, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, మనిషి లేడు. ఎంత కళ్లు చికిలించి చూసినా తెల్లటి మంట తప్ప ఏమీ లేదు. చప్పుడు దగ్గరికొచ్చింది. నాకు తెలిసిన గొంతే, నాకు తెలిసిన నడకే, అయినా ఒళ్లు జలదరించింది. ఆయన చెయ్యి నా భుజం మీద పడేదాకా ఆయన నాకు కనిపించలేదు. నేను కెవ్వుమన్నాను. ఊళ్లో కుక్కలు మొరిగాయి.

ఆయన కూడా వెనక్కి తిరిగి, నా పక్కన నిలబడి ఆ లైట్ల వైపు చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా అలాగే చూశాడు. తర్వాత తమ్ముడికి బంద్ చెయ్యమని చెప్పాడు.

"గివి తియ్యి," అన్నాడు.

తమ్ముడికి కోపం వచ్చింది. ఎదుటివాళ్లంతా ఇవే వేసుకుని మన కళ్లలో కొడుతుంటే మనం మాత్రం గుడ్డి దీపాలతో పోవాలా అన్నాడు. అందులో అబద్ధం లేదు. మా ఆయన బానెట్ ఎత్తి తానే ఒక్కొక్క బల్బు విప్పి, డబ్బాలో పెట్టి వాడి చేతికిచ్చాడు. చేతికి శక్తి లేక, పాత బల్బులు పెట్టి వాటి వెనక మూతలు బిగించడానికి అవస్థపడుతుంటే వాడే వచ్చి సాయం చేశాడు.

ఆ మర్నాడు మళ్లీ పాత లైట్లతోనే పోయాం. ఆ ప్రయాణం మిగతా అన్నింటికంటే కష్టంగా గడిచింది. అంతకుముందు నాకు తెలియనిది ఇప్పుడు తెలిసింది. వెలుతురు ఉంటే ఆ రోడ్డు ఎలా ఉంటుందో చూశాను కదా. మనిషి నడిచే వేగంతో నడిపాను. వడ్ల కుప్పలున్న చోటల్లా ఆగి, హారన్ కొట్టి, ఎవరూ లేవకపోతే కదిలాను. షిఫ్టుకు ఆలస్యమైంది. నర్సు మందలించింది.

ఆయన మిషను మీద ఉండగా నేను రవాణా శాఖ ఆఫీసుకు పోయాను. కారును మాత్రం దవాఖాన దగ్గరే వదిలి నడిచి పోయాను. నేను అడిగేది విని కారు చూపించమంటారేమో, ఆ పచ్చటి లైట్లు చూసి ఇప్పుడే ఆపేస్తారేమో అని భయం. అక్కడ బండ్లు పరీక్షించే ఆఫీసరు ఒకాయన వరండాలో టీ తాగుతున్నాడు. ఎవరో అడగమన్నారన్నట్టుగా, మా చుట్టాల కారు అన్నట్టుగా మొదలుపెట్టాను. కాసేపటికి ఆ చుట్టాలు మేమేనని ఆయనకు అర్థమైపోయింది. కూర్చోమన్నాడు.

పాత కారు అయినా, కొత్తది అయినా, కంపెనీ ఏ రకం బల్బు ఇచ్చిందో, ఎన్ని వాట్లది ఇచ్చిందో అదే ఉండాలని చెప్పాడు. మా కారులోది అరవై వాట్ల హాలోజెన్. దాని వెనక ఉండే అద్దపు గిన్నె ఆ బల్బు కోసమే చేసింది కాబట్టి వెలుతురును ఎక్కడ పడాలో అక్కడ పడేస్తుంది. అందులో వేరే బల్బు పెడితే చెల్లాచెదురుగా పోతుంది. అలాంటి కారు తన దగ్గరకొస్తే పక్కన పెడతానన్నాడు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు కూడా ముందు అలాంటి మార్పులే వెతుకుతారన్నాడు.

"మరి కనవడకపోతె ఎట్ల సార్?" అన్నాను.

"మంచి వెలుతురు వద్దని చట్టం ఏడ అనలేదమ్మా. ఎదుటోళ్ల కండ్లల్ల కొట్టొద్దన్నది, అంతే. ముందు గా పచ్చవడ్డ లైటు డబ్బాలు మార్పియ్యి. వైర్లు చూపియ్యి. లైటు ఎంత ఎత్తున కొడుతుందో సెట్ చేపియ్యి. అయినా కనవడకపోతె అప్పుడు రా," అన్నాడు.

అప్పుడు రమ్మన్న మాట పట్టుకుని నేను దవాఖాన దాకా వచ్చాను. చట్టం అనగానే నాకు ఇన్నాళ్లూ ఎక్కడో దారికాచి కూర్చుని మా కారును లాక్కుపోయేది ఒకటే గుర్తొచ్చేది. అది ఆ పరదా కింది ఆమె కోసం కూడా ఉందని ఆ రోజు దారిలో అనిపించింది.

మిషను లేని రోజు చూసుకుని ఇద్దరం సిద్దిపేటలో కార్ల కరెంటు పని చేసే షాపుకు పోయాం. షాపతను కూడా ముందు వంద వాట్ల బల్బులే చూపించాడు, ఇక్కడ అందరూ అవే అడుగుతారని. మా ఆయన ఒప్పుకోలేదు. ఆ వేడికి డబ్బా కరుగుతుందని, పాత వైర్లు మాడిపోతాయని, తాను గల్ఫ్‌లో అలా కాలిపోయిన బండిని చూశానని చెప్పాడు. కంపెనీ చెప్పిన వాట్లదే కొత్త బల్బు, కొత్త లైటు డబ్బాలు, బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైర్లు. అతను పని మొదలుపెట్టాడు. పాత వైర్లు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. బల్బుకు అందాల్సిన కరెంటు సగం దారిలోనే పోతోందన్నమాట.

సాయంత్రం కారును షాపు ఎదురుగా ఉన్న గోడకు కొంచెం దూరంలో నిలబెట్టి లైట్లు సెట్ చేశారు. మా ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన అందులో కూర్చుని, దుప్పటి కప్పుకుని, గోడ మీద పడిన వెలుతురును చూస్తూ చేత్తో సైగలు చేస్తున్నాడు. ఇంకా కిందికి. ఎడమది కొంచెం లోపలికి. షాపతను డబ్బాల వెనక స్క్రూలు తిప్పుతున్నాడు. సీట్లో నన్ను కూర్చోబెట్టి, పక్క సీట్లో తన బరువుకు సమానంగా సిమెంటు బస్తా పెట్టించాడు మా ఆయన. మనుషులు కూర్చుంటే కారు వంగుతుంది, లైటు ఎత్తు మారుతుంది కదా అన్నాడు. నా పక్కన ఆయన జాగాలో ఆ బస్తాను చూడటం నాకు ఇష్టం కాలేదు. తల తిప్పుకున్నాను. పని అయిపోయాక తొందరగా దాన్ని తీయించేశాను.

కొత్త లైట్లతో పోయిన మొదటి తెల్లవారుజామున రోడ్డు పట్టపగలులా ఏమీ లేదు. కరెంటు స్తంభాల మీది నంబర్లు కనిపించలేదు. కానీ రోడ్డు ఎడమ అంచు కనిపించింది. పరదాలు, వాటి చుట్టూ రాళ్లు, ఒక చోట రాళ్ల మధ్య పెట్టిన స్టీలు చెంబు కూడా కనిపించాయి. ఎదురుగా పాల క్యాన్లతో ఒకతను మోటారు సైకిలు మీద వచ్చాడు. లైట్లు దించాను. అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే మమ్మల్ని దాటిపోయాడు. అది చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. భయం పోయిందని కాదు. ముందు ముద్దగా ఉన్నది ఇప్పుడు విడివిడిగా కనిపిస్తోంది, అంతే. దేనికి భయపడాలో తెలుస్తోంది.

రిజిస్ట్రేషన్ పొడిగింపుకు కారును తీసుకుపోయాను. అదే ఆఫీసరు. నన్ను గుర్తుపట్టినట్టు కనిపించలేదు. లైట్లు వెయ్యమన్నాడు, దించమన్నాడు, ఎత్తమన్నాడు. వంగి డబ్బాల మీద గుర్తులు చదివాడు. ఆయన వంగి ఉన్నంతసేపు నాకు ఒకటే భయం. ఏదో ఒకటి కనిపెడతాడని, ఏదో మేం చూసుకోనిది ఉంటుందని. లేచి నిలబడి చేతులు దులుపుకుని వెనక వైపు చూడటానికి పోయాడు. కారు పరీక్షలో నిలిచింది.

అప్పటికి వడ్లన్నీ ఎత్తేశారు. రోడ్డు ఖాళీ అయింది. ఇక కొంత నయమనుకుంటుండగా మంచు మొదలైంది. మల్లన్నసాగర్ రిజర్వాయరు నిండినప్పటి నుంచి మా దిక్కు మంచు ఎక్కువైందని మా ఊరివాళ్లంటారు. నిజమో కాదో తెలియదు గానీ ఆ ఏడాది పుష్యంలో ఒకరోజు కట్ట వైపు నుంచి వచ్చిన మంచు రోడ్డును మింగేసింది. లైట్లు ఎత్తి వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచింది. మన వెలుతురే తిరిగి మన మీద పడుతోంది. దించమన్నాడు ఆయన. దించితే బానెట్ ముందు నాలుగడుగుల రోడ్డు కనిపించింది. తర్వాత అదీ లేదు. ఎంత ఖర్చు పెట్టి ఏ బల్బు వేయించినా ఆ పూట పనికొచ్చేది కాదు.

పక్కకు ఆపి, వెనక నుంచి ఎవరూ గుద్దకుండా నాలుగు వైపులా ఇండికేటర్లు వేసి కూర్చున్నాం. రెండు రోజులు మిషను లేకుండా గడిచి మూడో రోజు కావడంతో ఆయన ఒంట్లో నీరు చేరి ఉంది. ఊపిరి తీస్తుంటే లోపల బుడబుడమని చప్పుడు. సీటు వెనక్కి వాలిస్తే ఆయాసం ఎక్కువవుతుందని నిటారుగా కూర్చున్నాడు. ఇండికేటర్ల టిక్కు టిక్కు, ఆయన ఊపిరి, ఇంకే చప్పుడూ లేదు. నేను ఆ రెండూ వింటూ, ఏది ముందు ఆగిపోతుందో అన్నట్టు కూర్చున్నాను. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే, వచ్చేవాళ్లు మాత్రం ఏ దారిలో వస్తారు?

చివరికి వెనక నుంచి ఒక పాలవ్యాను వచ్చింది. డ్రైవరు ఆపి అడిగాడు. రోజూ పోయే దారి, నా వెనకే రండి, నా ఎర్ర లైట్లు వదలొద్దు అన్నాడు. సిద్దిపేట దాకా ఆ రెండు ఎర్ర చుక్కలు తప్ప నేనేమీ చూడలేదు. ఒకటి రెండుసార్లు అవి మంచులో మాయమైనప్పుడు మా ఆయన చెయ్యి చాపి, అదిగో అని చూపించాడు. మాట్లాడే శక్తి లేదు ఆయనకు. దవాఖాన మెట్ల దగ్గర చక్రాల కుర్చీ తెచ్చి నేరుగా ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి తేరుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వార్డులో టెక్నీషియన్ నన్ను పిలిచి, పదకొండింటి షిఫ్టులో మంచం ఖాళీ అయింది, తీసుకుంటారా అని అడిగాడు. షిఫ్టు మార్చమని ఎన్ని నెలలుగా అడుగుతున్నానో. మారు ఆలోచించకుండా సరే అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ మంచం మీద చంద్లాపూర్ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. మేం ఇంటికి బయల్దేరేటప్పుడు ఆయన తన స్టీలు టిఫిను పట్టుకుని లోపలికి వచ్చేవాడు, మా ఆయనను చూసి చెయ్యెత్తేవాడు. ఆయన ఏ షిఫ్టుకు మారాడని అడిగాను. టెక్నీషియన్ సూదుల ట్రే సర్దుతూ, "ఇగ రాడు," అన్నాడు. మా ఆయనకు ఆ మాట చెప్పలేదు. కానీ మొదటి రోజు ఆ మంచం మీద పడుకునేముందు ఆయన ఒక్క క్షణం ఆగి, దుప్పటిని చేత్తో సవరించి, అప్పుడు పడుకున్నాడు.

ఇప్పుడు పోయేది ఎండలో. మిషను దిగి ఆయన కొంత తేరుకుని తిరిగి వచ్చేసరికి మాత్రం చలికాలంలో మునిమాపు అవుతుంది. లైట్లు వేసుకునే వస్తాను. ఎదురు బండి కనిపించగానే దించుతాను, అవతలివాడు దించినా దించకపోయినా. దించనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటప్పుడు ఎడమ అంచు మీద చూపు పెట్టి, వేగం తగ్గించి, ఆ తెలుపు దాటిపోయేదాకా గట్టిగా పట్టుకుంటాను.

ఒక్కోసారి మిషను అలసటకు ఆయన పక్క సీట్లో నిద్రలోకి జారిపోతాడు. తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఏ చప్పుడూ లేకుండా. అప్పుడు రోడ్డు మీద నుంచి నా చూపు ఆయన మీదికి పోతుంది. లోపలి లైటు వేసి చూద్దామంటే బయట కనిపించదు. అందుకని తిన్నగా ఉన్న రోడ్డు వచ్చినప్పుడు ఎడమ చెయ్యి చాపి, సూదులు గుచ్చే ఆయన కుడి చేతి మీద వేళ్లు ఆనిస్తాను. డయాలసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన ఆ చోట, చర్మం కింద రక్తం తేనెటీగలా సన్నగా గుయ్యిమని కొట్టుకుంటూ ఉంటుంది. అది వేళ్లకు తగిలాక చెయ్యి తీసి మళ్లీ గేరు మీద పెడతాను.